అటక మీద పిల్లలు

మొదట్లో ఇద్దరే ఉండేవారు. తర్వాత ఏడుగురయ్యారు.

మా వంటగది పక్కన చిన్న అటక ఉంది. పాత ఇత్తడి గంగాళం, నాలుగు బిందెలు, మా అబ్బాయి ఇంజినీరింగ్ పుస్తకాలు, సంక్రాంతి బొమ్మల పెట్టె అన్నీ అక్కడే పడుంటాయి. ఆ బొమ్మల పెట్టె పక్కన కాళ్ళు వేలాడేసుకుని పిల్లలు కూర్చున్నారని ఒకరోజు సాయంత్రం మా ఆవిడ చెప్పింది. యూనిఫారాలు వేసుకున్నారుట, చేతిలో పలకలున్నాయిట, ఒకడికి ముక్కు కారుతోందిట. "ఏవండీ, కిందకి దిగమంటే దిగట్లేదు, పడిపోతారేమో చూడండి" అంది, చాలా మామూలుగా, పాలవాడు వచ్చాడు అన్నట్టు. ఆవిడ 31 ఏళ్ళు మండల పరిషత్ స్కూల్లో ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకి చదువు చెప్పింది. అందుకని పిల్లలే వచ్చారేమో, ఏమో.

నేను కరెంటు డిపార్ట్‌మెంట్లో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కడో ఫాల్టు ఉంది అంటే స్తంభం స్తంభం తిరిగి పట్టుకోవడం నా ఉద్యోగం. కాబట్టి నేనేం చేశానంటే స్టూలు వేసుకుని అటకెక్కి, టార్చి కొట్టి, బిందెలన్నీ పక్కకి జరిపి, గంగాళం బోర్లించి మరీ "చూడు, ఎవరున్నారిక్కడ? చూడూ!" అని అరిచాను. ఆవిడ కాసేపు పైకి చూసి, "మీరెక్కేసరికి భయపడి మూలకి జరిగారు, మెల్లిగా మాట్లాడండి" అంది. నా తర్కం ఆ రోజే అటకెక్కింది, అక్కణ్ణించి ఇప్పటిదాకా దిగలేదు.

ఆవిడకి వచ్చింది లూయీ బాడీ డిమెన్షియా అని తర్వాత తెలిసింది, బుర్ర మెల్లిగా దెబ్బతినే జబ్బు, లేనివాళ్ళు ఉన్నట్టు కనపడతారు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే సలహాలు రెండు రకాలుగా వస్తాయండి. మా బావమరిది లాంటివాళ్ళు "ఉన్నది ఉన్నట్టు చెప్పు బావా, లేదని గట్టిగా చెప్పకపోతే ఇంకా ముదురుతుంది" అంటారు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి "ఎదురు చెప్పకూడదు నాన్నా, అమ్మ లోకంలోకి నువ్వే వెళ్ళాలి, ఔనంటే ఔననాలి" అంటుంది. ఇద్దరికీ వాళ్ళక్క మీద, వాళ్ళమ్మ మీద ప్రేమ ఉంది, అందులో అనుమానం లేదు. కానీ నేను రెండూ చేసి చూశాను, రెండిట్లోనూ దెబ్బతిన్నాను. ఇంకెవరైనా ఇప్పుడు అదే పనిలో ఉంటే కాస్త ముందే తెలుస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు బావమరిది దారి. మూడు నెలలు ఆవిడ ఏం చెప్పినా "లేదు" అన్నాను. కోపంగా అన్నాను, బతిమాలి అన్నాను, లైట్లేసి చూపించి అన్నాను, ఫోన్లో ఫోటో తీసి చూపించి కూడా అన్నాను. మెల్లిగా ఆవిడ చెప్పడం మానేసింది. నేను మురిసిపోయాను, తగ్గిపోయిందని అందరికీ ఫోన్లు చేసి చెప్పాను. తర్వాత ఒకరోజు పెరట్లో తులసికోట వెనకాల చీమల బారు కనిపించింది, దాని వెంట వెళ్ళి చూస్తే చిన్న స్టీలు పళ్ళెం, అందులో పప్పన్నం ముద్దలు, ఎండిపోయి. రోజూ పెడుతోందన్నమాట. నేను పడుకున్నాక. ఎందుకు చెప్పలేదే అంటే తల దించుకుని "చెబితే మీరు అటకెక్కుతారు. పిచ్చిదాన్నయిపోయాననుకుంటారు" అంది.

ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు. తగ్గింది జబ్బు అనుకున్నాను, తగ్గింది నా మీద నమ్మకం.

రాబిన్ విలియమ్స్ అని అమెరికాలో పెద్ద కమెడియన్, 2014లో తన ప్రాణం తానే తీసుకున్నాడు, మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఆయనకి పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు, అనే చెప్పారు. పోస్ట్‌మార్టంలో తేలింది లూయీ బాడీ జబ్బని, మెదడంతా పాకిందని. ఆయన భార్య సుసాన్ 2016లో ఒక న్యూరాలజీ పత్రికలో ఆ చివరి నెలల గురించి రాసింది. ఆయనకి బహుశా భ్రమలు కనపడుతూనే ఉండి ఉంటాయి గానీ తనలోనే దాచుకుని ఉంటాడని తర్వాత రికార్డులు చూసిన ఒక డాక్టరు ఆవిడతో అన్నాడుట. అంత పేరున్నవాడు, ఎంత పెద్ద డాక్టర్నైనా పిలిపించుకోగలవాడు, అంత ప్రేమించే భార్య పక్కనే ఉండగా దాచుకుని ఉంటాడంటే, మా గోదావరి జిల్లాలో ఒక రిటైరైన పంతులమ్మ దాచుకోవడంలో వింతేముంది చెప్పండి. "లేదు" అని గట్టిగా చెప్పేవాళ్ళు సాధించేది ఒక్కటే, ఆ మనిషి ఒంటరిగా చూడ్డం మొదలుపెడుతుంది.

సరే, అమ్మాయి దారి పట్టాను. ఈసారి పూర్తిగా. ఆవిడతో పాటు నేనూ అటక వైపు చూసి "ఒరేయ్ దిగండ్రా" అనేవాణ్ణి. ఏడు విస్తరాకులు వేసేవాణ్ణి. ఆవిడ మొహం వెలిగిపోయేది, నిజంగా, మేం పెళ్ళైన కొత్తలో కూడా నేనంత మంచి మొగుణ్ణి అయ్యుండను. రెండు వారాలు ఇల్లంతా సంబరంగా ఉంది. తర్వాత చిక్కులు మొదలయ్యాయి. పిల్లలు తినట్లేదు కదా, ఎలా తింటారు, కాబట్టి వాళ్ళు తినందే తను తిననని కూర్చునేది. రెండు నెలల్లో 5 కిలోలు తగ్గింది. ఒకరోజు రాత్రి 2 గంటలకి లేపి ఎవడో మీసాలాయన వచ్చి పిల్లల్ని సంచిలో వేసుకుని పోతున్నాడు, పోలీసు స్టేషనుకి పదండి అని గేటు తీసుకుని రోడ్డెక్కేసింది, చెప్పుల్లేకుండా. నేను వెనకాల పరిగెత్తుతూ అక్కడెవరూ లేరే అంటే నిలబడి నన్ను చూసి అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు: "నిన్నటిదాకా వాళ్ళకి అన్నం పెట్టింది మీరే కదా?"

సాక్ష్యం చెప్పినవాణ్ణి నేను. ఉన్నారని సంతకం పెట్టినట్టు పెట్టి, వాళ్ళకి ఆపద వచ్చేసరికి లేరంటే ఎలా ఊరుకుంటుంది.

నేను చెప్పదల్చుకున్నదల్లా ఇదే. ఆ మనిషి చూస్తున్నది ఒప్పుకోవడం వేరు, దానికి వంత పాడటం వేరు. హరికథలో వంత పాడేవాడు ఉంటే కథ పెరుగుతుంది, మా ఇంట్లోనూ అదే జరిగింది. ఇప్పుడు నేను అనేది ఇంతే: "నాకు కనపడట్లేదే. నీకు కనపడుతున్నారు కదా, ఏం చేస్తున్నారో చెప్పు." రెండూ నిజాలే, అబద్ధమాడింది లేదు, ఆవిడ్ని అబద్ధాలకోరు అన్నదీ లేదు. ఆ తర్వాత అడిగేది ఒకే ప్రశ్న, "భయమేస్తోందా?" లేదంటే ఇద్దరం టీ తాగుతాం, పిల్లలు వాళ్ళ మానాన వాళ్ళు ఉంటారు. ఔనంటే అప్పుడు పని ఉంటుంది, లైటు వేయాలి, చెయ్యి పట్టుకోవాలి, గది మార్చాలి, వరండాలోకి తీసుకొచ్చి ఉల్లిపాయలు వలవమని ముందర పెట్టాలి. "ఔను" అన్న ప్రతిసారీ మొహం వెలుగుతుంది కదా అని మా అమ్మాయి అడిగింది. వెలుగుతుందమ్మా, కానీ రాత్రి 2 గంటలకి ఆ బిల్లు నాకొస్తుంది.

ఇక జబ్బు సంగతి. చాలామందికి డిమెన్షియా అంటే అల్జీమర్స్ ఒకటే, మతిమరుపు ఒకటే. మా ఆవిడకి మొదట మతిమరుపు లేదు, అదే మమ్మల్ని తప్పుదారి పట్టించింది. ఫోన్ నంబర్లు గుర్తుండేవి, ఎక్కాలు 19 దాకా చెప్పేది. కానీ ముగ్గులో చుక్కలు కుదిరేవి కావు, మెట్లు దిగుతుంటే లోతు తెలిసేది కాదు, కుడిచెయ్యి కాస్త బిగుసుకున్నట్టు ఉండేది. ఇంకా ముందు, దాదాపు 10 ఏళ్ళ ముందు నించీ నిద్రలో తన్నేది, అరిచేది, ఒకసారి నా మొహం మీద గుద్దింది కూడా, కలలో కుక్క తరిమిందిట. మేమంతా నవ్వుకున్నాం, మా వియ్యపురాలి ముందు కథలా చెప్పుకున్నాం. మామూలుగా కలలొచ్చే నిద్రలో ఒళ్ళు కదలకుండా మెదడు తాళం వేస్తుందిట, ఆ తాళం ఊడిపోవడం ఈ జబ్బుకి ఏళ్ళ ముందే వచ్చే గుర్తుల్లో ఒకటని కాకినాడలో న్యూరాలజిస్టు చెప్పినప్పుడు ఆ నవ్వులన్నీ గుర్తొచ్చాయి.

ఫ్రెడరిక్ లూయీ అనే జర్మన్ డాక్టరు 1912లో వణుకుడు జబ్బుతో పోయినవాళ్ళ మెదళ్ళు మైక్రోస్కోపు కింద పెట్టి కణాల్లో గుండ్రటి ముద్దలు చూశాడు, వాటికే తర్వాత ఆయన పేరొచ్చింది. అవే ముద్దలు మెదడు పైపొరలోకి పాకితే ఇలాంటి డిమెన్షియా వస్తుందని జపాన్‌లో కెంజి కొసాకా అనే ఆయన 1976 నించీ చెబుతూ వచ్చాడు. అంటే నేను పదో తరగతి పాసైన తర్వాత కనిపెట్టిన జబ్బు ఇది. దీంట్లో భ్రమలు చివర్లో రావు, మొదట్లోనే వస్తాయి, మసక మసకగా కూడా ఉండవు, చొక్కా బొత్తాలతో సహా కనపడతాయి. ఎక్కువమందికి కనపడేది మనుషులు, పిల్లలు, జంతువులేనట. ఇంకొక గుర్తు, కరెంటు వచ్చీ పోయినట్టు ఉంటుంది బుర్ర. పొద్దున పేపరు చదివి ఎమ్మెల్యేని తిట్టిన మనిషి సాయంత్రానికి చెంచా ఎలా పట్టుకోవాలో మర్చిపోతుంది, మళ్ళీ మర్నాడు బాగానే ఉంటుంది. చూసిపోయే చుట్టాలకి ఇదే అర్థం కాదు. పొద్దునొచ్చినవాళ్ళు "బాగానే ఉందిగా, నువ్వే ఎక్కువ చేస్తున్నావు" అంటారు, సాయంత్రం వచ్చినవాళ్ళు "అయ్యో" అని ఏడుస్తారు.

ఒక మాట, ఏదో కనపడింది అనగానే డిమెన్షియా అని కంగారు పడకండి. చూపు బాగా పోయినవాళ్ళకి బుర్ర బాగానే ఉన్నా బొమ్మలు కనపడతాయి, ఆ సంగతి 1760లోనే చార్లెస్ బానే అనే ఆయన వాళ్ళ తాతగారిని చూసి రాశాడు. మా ఆవిడకి శుక్లాల ఆపరేషన్ చేయిస్తే ఏడుగురిలో కొందరు వెళ్ళిపోయారు, లెక్క సరిగ్గా చెప్పలేను గానీ తగ్గారు.

నేను నా ఉద్యోగబుద్ధితో చేసిన పని ఒకటుంది, దాని గురించి కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. ఏ ఫాల్టు ఎప్పుడొస్తోందో నోట్‌బుక్కులో రాయడం మొదలుపెట్టాను, టైము, చోటు, వెలుతురు. నెల తిరిగేసరికి ఒకటి తేలింది, సాయంత్రం 5.30 నించి 7 మధ్య ఎక్కువ, అటక, చిలక్కొయ్య, బీరువా అద్దం ఈ మూడు చోట్లే ఎక్కువ. చిలక్కొయ్యకి నా చొక్కా వేలాడుతుంటే ఆవిడకి మనిషి నిలబడ్డట్టు ఉంటుంది, అది పూర్తిగా లేనిది చూడటం కూడా కాదు, ఉన్నదాన్ని ఇంకోలా చూడటం. బట్టలు బీరువాలోకి మార్చాను. అద్దానికి పాత చీర కప్పాను. జీరో బల్బులన్నీ పీకేశాను, అవి వెలుతురు ఇవ్వవు, నీడలిస్తాయి. 5 గంటలకే ఇంట్లో లైట్లన్నీ వేసేస్తాను, పూల డిజైన్ల దుప్పట్లు మా పనమ్మాయికి ఇచ్చేసి సాదావి కొన్నాను. రాత్రి టీవీ సీరియల్ కట్టేశాను, అందులో అరిచేవాళ్ళు తర్వాత మా హాల్లోకి వచ్చేసేవారు. కరెంటు బిల్లు పెరిగింది. నాకు అలవాటే, ఇన్నాళ్ళూ అందరికీ బిల్లులు వేసినవాణ్ణి.

మందుల దగ్గరే అసలు ప్రమాదం. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే నేను చదవలేదు. చెయ్యి బిగుసుకుపోతోందని మొదట చూపించిన డాక్టరు ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర రాశాడు, వణుకుకి మామూలుగా వాడేదే. అది వేసిన రెండో వారానికి ఇద్దరు పిల్లలు ఏడుగురయ్యారు. ఈ జబ్బులో మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం ముందే తగ్గిపోయి ఉంటుంది, లో-వోల్టేజి అనుకోండి, ఆ మాత్ర ఉన్న కాస్త వోల్టేజినీ ఇంకా దించేస్తుంది. జలుబుకి, దురదకి వాడే కొన్ని పాతరకం మాత్రలు కూడా ఇదే పని చేస్తాయి. దానికి ఎదురు పనిచేసేది రివాస్టిగ్మిన్, వీపు మీద అంటించే ప్యాచ్‌గా కూడా దొరుకుతుంది, కాకినాడ డాక్టరు ఆ మాత్ర ఆపించి ఇది పెట్టాక ఆవిడ మళ్ళీ మనలో పడింది కొన్నాళ్ళు. పూర్తిగా తగ్గదు, ఎవరు తగ్గిస్తామన్నా డబ్బులివ్వకండి.

తర్వాత ఒక జూన్‌లో, ఎండలకి నీళ్ళు సరిగ్గా తాగక, యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఒక్కరోజులో మనిషి మారిపోయింది, గోడల మీద పాములని కేకలు. ముసలివాళ్ళలో ఇలా ఉన్నట్టుండి ముదిరితే ముందు ఇన్ఫెక్షను, ఒంట్లో నీళ్ళు, మోషన్ అవుతోందా లేదా, కొత్త మందేమైనా మొదలుపెట్టారా చూడాలి. నాకప్పుడు తెలీదు. ఒక హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, పేరొద్దు, రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఆవిడ అరుపులకి కంగారు పడి హాలోపెరిడాల్ అని, భ్రమల్నీ ఉద్రేకాన్నీ అణిచే మందు, ఇంజక్షన్ చేయించాడు. వాడి తప్పని కూడా అనలేను, కాగితాలు నేను ఇంట్లో మర్చిపోయాను. తెల్లారేసరికి ఆవిడ కొయ్యలా బిగుసుకుపోయింది, కళ్ళు తెరవదు, నీళ్ళు మింగలేదు. లూయీ బాడీ ఉన్నవాళ్ళలో మూడో వంతు నించి సగం మంది దాకా ఇలాంటి మందులు పడవుట, ఒక్కోసారి ప్రాణమే పోతుందిట, ఇంగ్లండులో డాక్టర్లు 1992లోనే రాసిపెట్టిన సంగతి. 11 రోజులు ముక్కులో గొట్టం. ఇంటికొచ్చింది గానీ నడక మాత్రం మళ్ళీ ఆ పాత నడక రాలేదు.

ఇప్పుడు నా జేబులో, ఆవిడ పర్సులో, ఫ్రిజ్ మీద, కారు డాష్‌బోర్డులో ఒక కార్డు ఉంటుంది, ప్లాస్టిక్ కవరు వేయించాను. జబ్బు పేరు, ఇవ్వకూడని మందు పేరు, డాక్టరు నంబరు. ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఈ కార్డు ఒక్కటి రాసుకోండి.

అప్పట్లో మా పెద్దత్తగారి కోడలు వచ్చి గాలి సోకిందని ఒకాయన దగ్గర మంత్రించిన తాయెత్తు తెచ్చి కట్టింది. చదువుకున్నవాళ్ళం, ఇదేంటని మా అబ్బాయి హైదరాబాద్ నించి ఫోన్లో ఎగిరాడు. నేను వద్దనలేదు. తాయెత్తు వల్ల వచ్చిన నష్టం చేతికి దురద, అంతే. ఇంజక్షన్ వల్ల పాత నడక పోయింది. అలాగని తాయెత్తే మేలని కాదు నేననేది, నా కంప్లైంటు వేరే. గాలి అన్నవాళ్ళు గానీ, మందు పొడిచినవాళ్ళు గానీ, లేదని గట్టిగా చెప్పమన్నవాళ్ళు గానీ అందరిదీ ఒకటే తొందర, ఆ పిల్లల్ని ఇంట్లోంచి పంపించెయ్యాలి. ఆవిడ్ని ఒక్కరూ అడగలేదు, వాళ్ళు ఉంటే నీకేమైనా ఇబ్బందా అని. అడిగితే చెప్పేది, "ఉండనివ్వండి, అల్లరి చెయ్యట్లేదు కదా" అని. కొన్ని మధ్యాహ్నాలు, నేను కునుకు తీస్తుంటే, ఆవిడకి తోడు ఉన్నది వాళ్ళే. భయపెట్టేవి వచ్చినప్పుడు మందు కావాలి, కాదనను, మా డాక్టరు కూడా ఒక దశలో క్వెటయపిన్ అనే అదే జాతి మందు అతి చిన్న డోసులో ఇచ్చి మూడు నెలల్లో ఆపాడు, డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో ఇలాంటి మందులు చావు ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికాలో 2005 నించీ మందుతో వచ్చే కాగితంలోనే గడి కట్టి మరీ హెచ్చరిక ఉందని ముందే కూర్చోబెట్టి చెప్పాడు. భయానికి మందు సరే. చూసేవాళ్ళకి ఇబ్బందిగా ఉందని మాత్రం మందెందుకు?

మనదేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, ఏదో రకం డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద సర్వే అంచనా. వాళ్ళందరి పక్కనా ఒకరు ఉండాలి కదా. ఆ ఒకరు ఎక్కువసార్లు భార్యో, కోడలో, కూతురో. మా వీధిలో నాలుగిళ్ళ అవతల ఒకావిడ ఉన్నారు, మొగుడు తొమ్మిదేళ్ళు మంచంలో ఉన్నాడు, స్ట్రోకు తర్వాత మతి పోయి. ఆవిణ్ణి ఎవరూ ఏమీ అన్నట్టు నాకు గుర్తులేదు, నేనూ అనలేదు. నేను మా ఆవిడకి తల దువ్వితే మాత్రం "మీలాంటివాళ్ళు కోటికొకరండీ" అంటారు. మొదట్లో బాగానే ఉండేది వినడానికి, అబద్ధమెందుకు. తర్వాత ఒకరోజు ఆవిడే కూరగాయల బండి దగ్గర కలిసి, "జడ వేసేటప్పుడు ముందు కొబ్బరినూనె రాయండి, చిక్కు తీసేటప్పుడు నొప్పి పుట్టదు" అని చెప్పి వెళ్ళిపోయారు. నాకొచ్చిన సలహాలన్నిట్లో పనికొచ్చింది అదే.

మధ్యలో ఒక చిన్న సంగతి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లని చూసి 2013లో ఒక పేపరు వేశారు, ఒకే భాష వచ్చినవాళ్ళకన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడిందిట. మా ఆవిడకి తెలుగు, ఇంగ్లీషుతో పాటు ఒరియా కూడా వచ్చు, పుట్టిల్లు పర్లాకిమిడి దగ్గర. మాకు ఆ నాలుగున్నరేళ్ళు వచ్చాయో లేదో తెలుసుకునే దారి లేదు. వచ్చాయనే అనుకుంటున్నాను, ఎందుకంటే లెక్క వేస్తే సరిగ్గా మా చార్‌ధామ్ యాత్ర, మనవడు పుట్టడం ఆ మధ్యలోనే పడ్డాయి. ఈమధ్య పిల్లలతో ఒరియాలోనే మాట్లాడుతోంది. నాకు అర్థం కాదు, నవ్వుకుంటూ వింటాను.

ప్రభుత్వం సంగతీ మా బావమరిది సంగతీ ఒకటే. ఉందా, లేదా, ఒక్క మాట చెప్పు అంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు రాశారు, పార్కిన్సన్స్ ఉంది, డిమెన్షియా అని విడిగా లేదు. ఆవిడ ముందే నా పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసింది కదా అని నేను నిశ్చింతగా ఉంటే, ఇచ్చినవాళ్ళ మతి పోతే అది 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదని మా లాయరు చల్లగా చెప్పాడు. అంటే ఏ రోజు కోసం రాయించుకున్నామో ఆ రోజు రాగానే పోతుంది. హైకోర్టుకి వెళ్ళి గార్డియన్‌గా వేయించుకోవచ్చన్నాడు. మా ఆవిడ పొద్దున 10 గంటలకి చక్కగా గుండ్రంగా సంతకం పెడుతుంది, సాయంత్రం 6కి పెన్ను వంక చూసి ఇదేంటంటుంది. ఏ చట్టంలో ఏ గడిలో పడుతుంది ఈ మనిషి? ప్రస్తుతానికి నేను బ్యాంకు పనులన్నీ పొద్దున్నే పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు ఎక్కువ కష్టపెట్టేది పిల్లలు కాదు, నేనే.

పోయిన ఏడాది దసరా ముందు ఒక సాయంత్రం నేను అన్నం పళ్ళెం పట్టుకుని వెళ్తే ఆవిడ కుర్చీలో వెనక్కి జరిగి, చాలా మర్యాదగా, "మీరెవరండీ? అచ్చం మా ఆయనలాగే ఉన్నారు" అంది. దీనికీ పేరుంది, 1923లో కాప్‌గ్రా అనే ఫ్రెంచి డాక్టరు రాసింది, దగ్గరివాళ్ళ రూపంలో వేరేవాళ్ళు వచ్చారని గట్టిగా నమ్మడం, ఈ జబ్బులో తరచుగానే వస్తుంది. నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా, ఇన్ని నేర్చుకున్నవాణ్ణి, ఇన్ని రాసినవాణ్ణి, ఆధార్ కార్డు తెచ్చి చూపించాను. పిల్లలు లేరని ఇప్పుడు వాదించను. నేను ఉన్నానని మాత్రం వాదించకుండా ఉండలేకపోయాను. మన విషయం వచ్చేసరికి అంతే.

ఆగస్టె అని ఒకావిడ, అల్జీమర్ డాక్టరు మొట్టమొదట రాసిన పేషెంటు, 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఆవిడకి 51 ఏళ్ళు. మతిమరుపు బయటపడకముందే ఆవిడకి మొగుడి మీద అనుమానం మొదలైందిట. ఇప్పుడు ఆవిడ ఫోటో అన్ని పుస్తకాల్లోనూ వస్తోంది. ఆ మొగుడు ఆ అనుమానానికి రోజూ ఏం జవాబు చెప్పాడో నాకు ఎక్కడా కనపడలేదు.

దారి దొరికింది అనుకోకుండానే. ఆధార్ కార్డు కూడా పని చెయ్యక, కోపం వచ్చి, వరండాలోకి వెళ్ళి మా అబ్బాయికి ఫోన్ చేద్దామని చెయ్యి జారి ఇంట్లో ఆవిడ ఫోనుకే కొట్టాను. లోపల మోగింది. ఎత్తింది. "ఏవండీ!" అంది, ప్రాణం లేచొచ్చినట్టు. "ఎక్కడున్నారు? ఎంతసేపని చూడను? ఇంట్లో ఎవరో ఉన్నారండీ, మీ చొక్కాయే వేసుకున్నాడు." మొహం చూసి గుర్తుపట్టే దారి, గొంతు విని గుర్తుపట్టే దారి మెదడులో వేరువేరుట, వి.ఎస్. రామచంద్రన్ అనే మన మద్రాసు వైపు ఆయన అమెరికాలో ఒక కుర్రాడి కేసు రాశాడు, ఎదురుగా ఉంటే అమ్మ కాదంటాడు, ఫోన్లో అయితే అమ్మా అని మాట్లాడతాడు. అది నాకు తర్వాత మా అమ్మాయి చెప్పింది. అప్పుడు మాత్రం నేను వరండాలో గోడకి ఆనుకుని నిలబడిపోయాను. "ఎలాంటివాడు? ఏమైనా అంటున్నాడా?" అన్నాను. కాసేపు ఆలోచించి గొంతు తగ్గించి, "లేదండి, మంచివాడే పాపం. అన్నం కూడా వండాడు. చారు కాస్త ఉప్పెక్కువేశాడు. కానీ మీరు రండి" అంది.

"వస్తున్నాను" అన్నాను. ఫోన్ పెట్టకుండా మాట్లాడుతూనే గుమ్మం దాటి లోపలికి వచ్చాను. నా గొంతు ఫోన్లోంచి, గుమ్మంలోంచి ఒకేసారి వినపడితే తల తిప్పి చూసి, "వచ్చారా" అని ఫోన్ ఒళ్ళో పెట్టేసుకుంది.

ఇది వంత పాడటం కాదా అని మా అమ్మాయి అడిగింది, ఉతికి ఆరేసే పిల్ల అది. నేను ఆలోచించాను. వేరేవాడు ఉన్నాడని నేను అనలేదు, వస్తున్నానన్నాను, వచ్చాను. అంతకన్నా గట్టిగా సమర్థించుకోలేను. ఎప్పుడూ పని చెయ్యదు కూడా, వారానికి మూడు నాలుగుసార్లు చేస్తే రెండుసార్లు ఫలిస్తుంది. మిగతా రోజులు ఆ మంచివాడు పాపం అన్నం పెట్టేసి, పళ్ళెం కడిగేసి, వరండాలో కూర్చుంటాడు.

ఒక్కటే ఇబ్బంది, ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే అరగంట తక్కువ మాట్లాడదు, సగంలో నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయేది. మొన్న ఆదివారం వరండాలో ఒక ప్లగ్ పాయింట్ బిగించాను, కుర్చీకి చెయ్యి అందేంత ఎత్తులో.